దస్తీ పడ్డ సీటు

మా డ్రైవర్ యాదగిరన్న ఆ మాట చెప్పినప్పుడు నేను టికెట్ మిషన్‌లో కొత్త రోల్ ఎక్కిస్తున్నాను. "చెల్లె, కిషన్‌బాగ్ బాపు పొయ్యిండంట" అన్నాడు. నేను తల ఎత్తకుండానే "ఏ బస్సుకు?" అని అడిగాను.

నన్ను తిట్టుకోకండి. పదిహేడేళ్ళుగా కండక్టర్ ఉద్యోగం చేస్తున్న నాకు పోవడమంటే ఒకటే తెలుసు. రెండింటిది పోయింది. మూడింటిది ఇప్పుడే పోయింది. నువ్వు పల్లీలు కొనుక్కుంటుంటే నీ ముందునుంచే పోయింది. పొద్దున లేస్తే ఇవే మాటలు. పైగా ఆ బాపు బస్సెక్కి ఎక్కడికైనా పోవడమంటే మా ప్లాట్‌ఫారం మీద పెద్ద కబురే. అందుకే అడిగాను.

యాదగిరన్న స్టీరింగు మీద చేతులు పెట్టుకున్నాడు. "బస్సుకు గాదు చెల్లె. మొన్న నిద్రలనే పానం పోయిందంట. నిన్న పురానాపూల్ల దహనం గూడ అయిపోయిందంట" అన్నాడు.

అప్పుడు చూసుకున్నాను, రోల్ తిరగేసి ఎక్కించాను.

ఆయన పేరేంటో నాకు తెలియదు. ఎదురుగా ఉంటే అందరికీ బాపు, లేనప్పుడు దస్తీ బాపు. నయాపూల్ దగ్గరి మా పాత బస్టాండులో ఆరో నంబరు ప్లాట్‌ఫారం ఆయనది. రాసిచ్చిన వాళ్ళెవరూ లేరు, తీసుకున్నాడంతే. రోజూ మధ్యాహ్నం భోజనం చేసి కిషన్‌బాగ్ నుంచి నడుచుకుంటూ వచ్చేవాడు. మూడు గంటలకు మా సిద్దులపేట బస్సు కదిలాక చేతులు దులుపుకుని ఇంటికి పోయేవాడు. మధ్యలో ఆయన చేసేది ఒకటే పని, దస్తీలు వేయడం.

కార్లలో తిరిగేవాళ్ళ కోసం చెబుతున్నాను, మిగతావాళ్ళు ఈ నాలుగు ముక్కలు వదిలేయొచ్చు. బస్సు వచ్చి ఆగీ ఆగకముందే కిటికీలోంచి జేబురుమాలు సీటు మీదికి విసురుతారు. జేబురుమాలును మేం దస్తీ అంటాం. అది పడ్డ సీటు ఆ మనిషిది. మనిషి కింద నిలబడి చాయ్ తాగనీ, చుట్టాలతో ముచ్చట పెట్టనీ, ఇంకొకరు కూర్చోరు. మా డిపో రూలు పుస్తకంలో ఈ సంగతి ఎక్కడా లేదు. అయినా పొలం గట్టు కోసం తలలు పగలగొట్టుకున్న అన్నదమ్ములు కూడా బస్సులో ఒకరి దస్తీ మీద ఒకరు కూర్చోరు. నేను చూశాను.

బాపు సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. తెల్ల చొక్కా, ఉద్యోగంలో ఉన్నప్పటి ఖాకీ ప్యాంటు. జేబుల నిండా నీలి గళ్ళ దస్తీలే. ఆయన కుడిచెయ్యి ఎడమచెయ్యికన్నా బెత్తెడు పొడుగని యాదగిరన్న ఎవరడిగినా ఒట్టేసి చెప్పేవాడు. బస్సు రివర్సులో ప్లాట్‌ఫారం మీదికి వస్తుంటే పక్కనే నడుస్తూ, దస్తీని రెండు వేళ్ళ మధ్య మడిచి, కిటికీ కడ్డీల్లోంచి వదిలేవాడు. అది లోపలికి పోయి విప్పుకుని సీటు మధ్యలో కూర్చునేది. కిటికీ అద్దం మూసి ఉంటే అటుపక్క కిటికీలోంచి వేసేవాడు. ఒకసారి యాదగిరన్న నెత్తిమీద పడింది. "కదలకు యాదగిరీ, నీ సీటు గూడ పక్కా అయింది" అన్నాడు.

ఒక్క సీటు కూడా తన కోసం కాదు. ఆయనకు బస్సుతో పనే లేదు. ప్లాట్‌ఫారం మీద ముసలివాళ్ళను, చంటిపిల్లల తల్లులను ఏరుకుని, డాక్టరు దగ్గర చీటీ రాయించుకున్నట్టు ఒక్కొక్కరినీ అడిగేవాడు.

"మోకాళ్ళా, నడుమా?"

మోకాళ్ళంటే కాలు చాపుకునే వీలున్న సీటు. నడుమంటే ముందు చక్రానికి, వెనక చక్రానికి మధ్యన, కుదుపు లేని చోట. వాంతులయ్యేవాళ్ళకు కిటికీ. రెండూ ఉన్నాయంటే ఆలోచించి, "గట్లయితే నువ్వు ఇంట్లనే ఉండాలె గదమ్మా" అనేవాడు. ఆడవాళ్ళకు టికెట్టు లేకుండా చేసినప్పటి నుంచి ఆయనకు పని మూడింతలయ్యింది. మగవాళ్ళు గొణిగేవాళ్ళు. "నీకు ఏం నొస్తుందో చెప్పు, నీకు గూడ ఏస్త" అని వాళ్ళ వెంట కూడా పడేవాడు. ఒకతను విసుగొచ్చి "మనసు నొస్తుంది" అన్నాడు. బాపు అతనికి ఇంజను పక్క సీటు వేశాడు, ఆ చప్పుడులో మనసు మాట వినబడదని.

ఆయన దస్తీలు వేసే సీట్లలో ఏడో నంబరు మాత్రం ఎప్పుడూ సత్తెమ్మది. సత్తెమ్మ సిద్దులపేటలో లక్క గాజులకు రాళ్ళు అతికిస్తుంది. వారానికి మూడుసార్లు గాజుల పెట్టెలు మోసుకుని లాడ్ బజార్‌కు వచ్చి, సేటుకు ఇచ్చి, కొత్త పని తీసుకుని పోతుంది. ఆమెకు రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ఆమెలాంటి వాళ్ళు ఆ ఊళ్ళో ముప్పై మంది దాకా ఉన్నారు. వాళ్ళందరికీ మా బస్సే ఆధారం. అది లేకపోతే పెట్టెలు నెత్తిన పెట్టుకుని హైవే దాకా ఆరు కిలోమీటర్లు నడవాలి.

ఉద్యోగం రోజుల్లో బాపు నయాపూల్ అవతల ఒక కోర్టులో అటెండర్. కేసులకు పేర్లు పిలవడం ఆయన పని. గుమ్మం దగ్గర నిలబడి ఫలానా మనిషి హాజర్ హో అని మూడుసార్లు పిలవాలి. మూడోసారికి పలకకపోతే ఇక ఆ మనిషి రానట్టే లెక్క. రిటైరయినా ఆ గొంతు రిటైరవలేదు. దస్తీ వేసిన మనిషి బస్సు కదిలే టైముకు కూడా రాకపోతే, ఆ సీటు ఇంకొకరికి ఇచ్చే ముందు బాపు ఫుట్‌బోర్డు మీద నిలబడి బస్టాండంతా అదిరేలా పిలిచేవాడు.

"సిద్దులపేట బస్సూ… పన్నెండో నంబరు సీటూ… ఎర్ర దస్తీ గల మనిషీ… హాజర్ హో."

సీట్ల లొల్లి వస్తే తీర్పులు కూడా ఆయనవే. ఒకసారి ఒకతను దస్తీ వేశాడు, ఇంకొకతను అదే సీటు మీద నీళ్ళ సీసా పెట్టాడు. ఇద్దరూ గల్లా పట్టుకున్నారు. బాపు ఇద్దరి మాటా విని, "దస్తీ మనిషి చెమట తుడిచిన బట్ట. సీసాకు చెమట ఎక్కడిది?" అని సీసా కేసును కొట్టేశాడు. ఎండకు ఆ సీసాకు బయటంతా చెమట పట్టి ఉంది. సీసా మనిషి దాన్ని చూపించి అప్పీలు చేసుకున్నాడు. బాపు ముట్టి చూసి, వాసన చూసి, "ఇది మనిషి చెమట గాదు" అని అప్పీలు కూడా కొట్టేశాడు. ఇంకొకసారి ఒకాయన చెప్పు విసిరాడు. "చెప్పు పడ్డ సీటు మీద ఎవ్వలు కూసోవద్దు. నువ్వు గూడ కూసోవద్దు" అన్నాడు బాపు. మరొకరు దస్తీ ఉన్న సీటులోకి కిటికీలోంచి పిల్లాడినే దించేశారు. బాపు చాలాసేపు తల గోక్కుని, దస్తీని మడిచి పిల్లాడి ఒళ్ళో పెట్టాడు. ఇద్దరూ ఒకే సీటులో సర్దుకుని పోయారు. పిల్లాడు దారిలో ఆ దస్తీతోనే ముక్కు తుడుచుకున్నాడు.

నాకు ఒళ్ళు మండేది. అబద్ధమెందుకు, చాలాసార్లు మండింది. టైము మూడయినా ఆయన రెండుసార్లు పిలిచి మూడోసారి పిలవకుండా నయాపూల్ వైపు చూస్తూ నిలబడేవాడు. ఒకరోజు అరిచేశాను. "బాపూ, ఇది కోర్టు గాదు, బస్సు. లేటయితే మెమో నాకిస్తరు, నీకు గాదు. పిలుస్తవా, దిగుతవా?"

ఆయన దిగి, నా కిటికీ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "ఒకసారి సిద్దులపేట రైతుది కేసుండె బిడ్డా. రెండుసార్లు పిలిచిన. మూడోసారి గూడ పిలిచిన, నా పని నేను చేసిన. పిలిచి నోరు మూసేవరకు గాయన మెట్ల మీద ఉన్నడు, ఉరుక్కుంట వస్తున్నడు. కేసు కొట్టేసిండ్రు. ఏందయ్యా గిప్పుడొచ్చినవంటే, బస్సు లేటన్నడు." నయాపూల్ వైపు చూసి, "గందుకే మూడోసారికి నేను జర ఆగుత. నీకు మెమో ఇస్తే నా పేరు చెప్పు" అన్నాడు.

పేరేంటో చెప్పనే లేదు. మెమో వచ్చింది. అయినా ఆ తర్వాత నేనెప్పుడూ ఆయన్ని తొందరపెట్టలేదు.

ఆయన పుట్టింది సిద్దులపేటలోనే. ఒకప్పుడు ఆ ఊరికి రైలుండేది. పట్టాలు ఎత్తుకుపోయి ఏళ్ళయింది. స్టేషను గోడలు, ఒక రాతి బెంచీ మిగిలాయి, వాటిలో మేకలుంటాయి. చిన్నప్పుడు ఆ రైల్లోనే వాళ్ళమ్మ కోసం కిటికీలోంచి దూరి మొదటి సీటు పట్టాడట. ఆ రైలును రద్దు చేశారంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "రద్దు గాలే, లేటు" అనేవాడు. సిద్దులపేట నుంచి దిగిన ప్రతివాళ్ళనూ "రైలొచ్చిందా?" అని అడిగేవాడు. "ఇంకా లేదు బాపు" అనేవాళ్ళు అందరూ. కాలేజీ పిల్లలు కూడా అలాగే అనేవాళ్ళు. ఆయన చేతి గడియారం చూసుకుని తల ఊపేవాడు.

ఇప్పుడు బస్సుకు కూడా అదే గతి పట్టబోయింది. ఆ సంగతి చెప్పాలి.

నాలుగేళ్ళ కింద మా సిద్దులపేట బస్సుకు సర్వే వచ్చింది. ఒక సారు మధ్యాహ్నం మూడింటి ట్రిప్పుకు వచ్చి తలకాయలు లెక్కపెడతాడు. సగం సీట్లు నిండకపోతే బస్సు బంద్. సర్వే పడింది మంగళవారం, దానికి తోడు అమావాస్య. అమావాస్య మంగళవారం మా వైపు మనుషులు గడప దాటరు. రెండున్నరకు బస్సులో ఎక్కినవాళ్ళు ఎనిమిది మంది. అందులో ఒకతను తప్పు బస్సెక్కాడు. నేను దించలేదు.

బాపు బస్సంతా ఒకసారి తిరిగి చూశాడు. "మనుషులు లేకుంటే లేకపాయె. దస్తీ పడ్డదంటే మనిషి ఉన్నట్టే గదా" అన్నాడు.

అర్ధగంటలో ఆయన ఎక్కడెక్కడ తిరిగాడో నాకు తెలియదు. బట్టలతో వచ్చాడు. తన దస్తీలు ఏడూ అయ్యాక, చాయ్ దుకాణం ఖాదర్ భాయ్ బల్లలు తుడిచే గుడ్డలు నాలుగు. బస్టాండు మూలనున్న మంగలి దుకాణం తువ్వాళ్ళు ఆరు, అందులో ఒకటి గిరాకీ మెడ మీంచి లాగిందే. పూలమ్మే ఆమె తడిగుడ్డ. పాత పరిచయం మీద ఎవరో వకీలు మెడలోని తెల్ల పట్టీ. హమాలీల తలగుడ్డలు. యాదగిరన్న ఇంజన్ తుడిచే మసిగుడ్డ పద్దెనిమిదో సీటులో. చివరికి రెండు సీట్లకు తక్కువైతే తన సాక్సులు విప్పి ఒక్కోటి ఒక్కో సీట్లో పెట్టాడు. రెండూ ఒక జత అని తెలియకుండా ఒకటి ముందు, ఒకటి వెనక.

సారు వచ్చాడు. చేతిలో అట్ట, పెన్ను. బస్సంతా చూసి నా వైపు తిరిగాడు. "మనుషులేరమ్మా?"

బాపే అందుకున్నాడు. "చాయ్ తాగుతున్నరు సార్."

"ఇంతమందీనా?"

"సిద్దులపేటోళ్ళు చాయ్ మస్తు తాగుతరు సార్."

సరిగ్గా అప్పుడే సత్తెమ్మ వచ్చింది. ఒక్కతే కాదు, వెనక ముప్పై మంది ఆడవాళ్ళు. పెళ్ళిళ్ళ పని మీద కొత్త నమూనాలు చూపించడానికి సేటు పొద్దున్నే డీసీఎం వ్యాను పంపి అందరినీ ఒకేసారి పిలిపించాడట. మాకు తెలియదు. ఊరకే ఉంటే వాళ్ళతోనే సగం బస్సు నిండేది. ఇప్పుడేమో ప్రతి ఖాళీ సీటులో ఒక గుడ్డ. వాళ్ళు లోపలికొచ్చి, సీట్లు చూసి, పెట్టెలు నెత్తిన పెట్టుకుని వరసగా నిలబడిపోయారు. కూర్చోండని బాపు కళ్ళతో, కనుబొమలతో, చివరికి మోచేత్తో కూడా చెప్పాడు.

"ఎట్ల కూసుంటం బాపూ, దస్తీలున్నయ్ గదా. నువ్వే చెప్తివి" అంది సత్తెమ్మ.

ఎనిమిది తప్ప సీట్లన్నీ ఖాళీ, నడవంతా జనం. అట్ట మీద ఏం రాయాలో సారుకు తోచలేదు. "మూడవుతున్నది. ఆ చాయ్ తాగేవాళ్ళను పిలవండి" అన్నాడు.

బాపు ముఖం తెల్లబోయింది. ఆయన కోర్టులో ఆయనే ఇరుక్కున్నాడు. మెల్లగా ఫుట్‌బోర్డు మీదికి పోయాడు. వేరే దారి లేక గొంతెత్తాడు. "సిద్దులపేట బస్సూ… దస్తీలేసిన మనుషులూ… హాజర్ హో."

మొదటిసారికి ఎవరూ రాలేదు. రెండోసారికి ఖాదర్ భాయ్ చాయ్ గ్లాసులు వదిలేసి ఉరికొచ్చాడు. ఆయన వెనక మంగలి, మంగలి వెనక సగం గడ్డం గీసి సగం నురుగుతో ఉన్న గిరాకీ, పూలమ్మే ఆమె, హమాలీలు, నల్ల కోటు వకీలు. గుడ్డలు తిరిగి ఇస్తున్నాడేమో అనుకుని అందరూ బస్సులోకి జొరబడ్డారు. ఖాదర్ భాయ్ "మేరా కప్డా కిధర్ హై బాపూ?" అంటూ సీట్ల కింద దూరాడు. ఒకరినొకరు తోసుకోవడంలో ఎవరి గుడ్డ ఉన్న సీటులో వాళ్ళు కూలబడ్డారు. నేను విజిల్ వేశాను. ఎందుకు వేశానో ఇప్పటికీ తెలియదు, చెయ్యి దానంతటదే నోటి దగ్గరికి పోయింది. యాదగిరన్న గేరు వేశాడు. సారు దబదబా లెక్కపెట్టి, అట్ట మీద ఏదో గీకి, కదిలే బస్సులోంచి దిగిపోయాడు.

"ఎక్కడికి పోతున్నం?" అని వకీలు అడిగాడు. పురానాపూల్ దాకా అని చెప్పి అందరికీ టికెట్లు కొట్టాను. సగం గడ్డం ఆయన కిటికీలోంచి వచ్చే గాలికి నురుగు ఎండబెట్టుకున్నాడు. పురానాపూల్‌లో అందరూ తిట్టుకుంటూ దిగి, ఎవరి గుడ్డ వాళ్ళు భుజాన వేసుకుని వెనక్కి నడిచారు.

బస్సు బంద్ కాలేదు. "సీట్లు ఫుల్లు, నిలబడి ప్రయాణం" అని సారు రాశాడట.

ఆ వారమే బాపు జీవితంలో మొదటిసారి సిద్దులపేటకు మా బస్సెక్కాడు. "బస్సు బతికింది గదా, రైలు సంగతి గూడ చూసొస్త" అన్నాడు. ఆయన కోసం దస్తీ వేసేవాళ్ళు లేక, సత్తెమ్మ తన ఏడో నంబరు సీటు ఇస్తానన్నా కూర్చోక, రెండు గంటలూ నిలబడే వచ్చాడు. మా బస్సు తిరిగి బయల్దేరడానికి ముందు నేను కూడా స్టేషన్ దాకా వెళ్ళాను. రాతి బెంచీ మీద తన నీలి గళ్ళ దస్తీ పరిచి, పక్కన నిలబడి పట్టాలు లేని పట్టాల దారి వైపు చూస్తున్నాడు. "రైలొస్తే జనం మస్తు ఎక్కుతరు బిడ్డా. ముందుగాలనే పట్టిన" అన్నాడు. అలా అటు చూస్తుండగానే ఇటు ఒక మేక వచ్చి ఆ దస్తీని నమిలేసింది. ఆయన దాన్ని తరమలేదు. "మూడుసార్లు పిలువకుండనే సీటు గుంజుకున్నది" అని నవ్వి బస్సెక్కాడు.

ఇదీ బాపు.

ఆయన పోయాడని తెలిసిన రోజు మూడు గంటలకు ప్లాట్‌ఫారం మీద అందరికీ ఆ కబురు నేనే చెప్పాల్సి వచ్చింది. ఎవరూ తోసుకోకుండా ఎక్కారు. అలా ఎక్కడం మా బస్టాండులో నేనెప్పుడూ చూడలేదు. చూస్తే ఏడో నంబరు సీటు మీద నీలి గళ్ళ దస్తీ ఉంది. మధ్యలో, చక్కగా విప్పుకుని. యాదగిరన్న పనే అనుకున్నాను. సత్తెమ్మ దాన్ని చూసి, పెట్టె కింద పెట్టి, కడ్డీ పట్టుకుని నిలబడింది.

"సత్తెమ్మా, మోకాళ్ళు గదా, కూసో" అన్నాను.

"ఆయన సీట్ల నేనెట్ల కూసుంట?" అంది. ఆమె ఏడుస్తోంది.

బస్సు నిండా జనం, ఏడో నంబరు ఖాళీ. ఆరాంఘర్ దగ్గర చెకింగ్ సారు ఎక్కాడు. ఆయనే, సర్వే సారు. జుట్టు తెల్లబడింది. టికెట్లు చూస్తూ వచ్చి ఖాళీ సీటు దగ్గర ఆగాడు. "ఇంతమంది నిలబడ్డరు, ఈ సీటు ఎవరిది?"

చెప్పాను. సర్వే రోజు హాజర్ హో అని పిలిచినాయనదని, మూడుసార్లు పిలిచాకే సీటు ఇంకొకరికి ఇచ్చేవాడని, మొన్న పోయాడని.

సారు దస్తీ వైపు చూస్తూ, "సగం గడ్డం గీసుకున్న మనిషి సిద్దులపేటకు ఎందుకు పోతడమ్మా? ఆ రోజే తెలుసు నాకు" అన్నాడు. నాకు మెమో గుర్తొచ్చింది. ఆయన మాత్రం నవ్వుతున్నాడు. "మా ఊరి బస్సు గూడ ఇట్లనే బంద్ జేసిండ్రు. అప్పుడు ఇట్లాంటి మనిషి ఒక్కడు లేకపాయె." సత్తెమ్మను చూపించి అన్నాడు, "మూడుసార్లు పిలిచి సీటు ఇచ్చేటోడు గదా. నువ్వు పిలువు. ఆ తల్లి కూసుంటది."

ఫుట్‌బోర్డు మీద నిలబడ్డాను. బస్సు పోతూనే ఉంది. సిద్దులపేట బస్సు, ఏడో నంబరు సీటు, నీలి గళ్ళ దస్తీ గల మనిషి హాజర్ హో అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. రెండోసారి కూడా పిలిచాను. మూడోసారికి నోరు తెరిచాను, మాట రాలేదు. పిలిస్తే ఇక ఆయన రానట్టే. అందరూ నా వైపే చూస్తున్నారు.

"చాలమ్మా, ఉండనీ" అన్నాడు సారు. దిగాల్సిన చోట దిగకుండా ఆయన కూడా సిద్దులపేట దాకా నిలబడే వచ్చాడు.

మరునాడు పొద్దున ఆ దస్తీని ఉతికి, మడిచి, కిషన్‌బాగ్‌కు పోయాను. పాల దుకాణం వెనక గల్లీలో రెండు గదుల ఇల్లు. బాపు భార్య వాకిట్లో పీట మీద కూర్చుని ఉంది. ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, బస్సులో జరిగిందంతా చెప్పి, దస్తీ చేతిలో పెట్టాను. అందరం ఏడ్చామని కూడా చెప్పాను.

ఆమె దాన్ని విప్పి చూసింది. వాసన చూసింది. తర్వాత నా తల మీదుగా వెనక్కి చూసింది. "ఆయనవి ఏడుండె. ఒకటి సిద్దులపేట మేక తిన్నది" అంది. వెనక తీగె మీద నీలి గళ్ళ దస్తీలు వరసగా ఆరుతున్నాయి. లెక్కపెట్టాను. ఆరు.

"మరి గిదెవరిది?" అన్నాను.

"నాకేమెర్క బిడ్డా. ఎవ్వడో పాపం దస్తీ ఏసి బస్సు తప్పిండు." అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందనుకుని దగ్గరికి జరిగాను. ఆమె నవ్వుతోంది. "బస్సు బస్సంత నిలబడ్డరా? ఆ సారు గూడనా?" అని అడిగి మళ్ళీ నవ్వింది, భుజాలు ఊగేలా నవ్వింది. నాకూ నవ్వు ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూ ఎప్పుడు ఏడుపులోకి పోయామో ఇద్దరికీ తెలియలేదు. ముఖం తుడుచుకోవడానికి ఆ ఎవరిదో దస్తీయే దొరికింది.

"ఆయన ఉంటే గా బస్సు తప్పినోని ఫికర్ పట్టుకుంటుండె. తీస్కపోయి వానికియ్యి" అంది.

యాదగిరన్నను అడిగితే, "నేనెక్కడేసిన? నువ్వేసినవనుకున్న" అన్నాడు.

ఆ రోజు మూడు గంటలకు దస్తీని మళ్ళీ ఏడో నంబరు సీటు మీద పరిచాను. రెండు నిమిషాలకు ఒక బక్కపలచటి మనిషి చేతిసంచీ పట్టుకుని వచ్చి, కిటికీలోంచి లోపలికి తొంగి చూశాడు. అప్పుడప్పుడు ఎక్కే మనిషే, మాత్రలకు సిటీకి వస్తుంటాడు.

"మేడం, నిన్న దస్తీ ఏసి చాయ్‌కు పోయిన. ఒక్క నిమిషం గూడ గాలే, బస్సు పోయింది" అన్నాడు. గొంతు తగ్గించి, భయం భయంగా అడిగాడు, "మూడుసార్లు పిలిచి తీసేసిండ్రా?"

"రెండుసార్లే పిలిచిన" అన్నాను. "ఎక్కు, సీటు నీదే."